అడ్డాకు కింద పచ్చి పిండి

ఫ్రిజ్ తలుపు తీయగానే కాళ్ల మీదికి జారే తెల్లటి ఆవిరంటే నాకు చిన్నప్పటి నుంచీ మోజు. పెళ్లయి, పిల్లల తల్లినయ్యాక కూడా అది తగ్గలేదు. మా నాయన బేకరీలో పెద్ద ఫ్రిజ్ సరిగ్గా బన్నులు కాల్చే భట్టీకి ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే ఓ పక్క ఆ వేడి, ఇంకో పక్క ఈ చలి. మధ్యలో నిలబడితే ఏ కాలంలో ఉన్నానో తెలిసేది కాదు. మణుగూరులో మేముండే కాలనీ చుట్టూ అడవే కాబట్టి చలికాలం మంచు కూడా వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడేది. గిరాకీకి వచ్చేవాళ్లు ముందు గొంతులుగా వచ్చి, తర్వాత మనుషులుగా తేలేవారు. ‘రెండు బన్నులియ్యి’ అనే మాట ముందు వినిపించేది, ఆ తర్వాత మఫ్లరు కనిపించేది. తలుపు తెరిచి పట్టుకుని నేనలా చూస్తూ ఉండిపోతే వెనక నుంచి నాయన అరిచేవాడు.

“కరెంటు బిల్లు నీ అయ్య కడ్తడా? మూయ్ తలుపు!”

“మా అయ్యే కడ్తడు,” అనేదాన్ని. ఇక ఆయనే వచ్చి తలుపు మూసేవాడు.

డబ్బా ఆలోచన కూడా అలా ఫ్రిజ్ ముందు కలగంటుండగానే వచ్చింది. మా కాలనీలో ఈ మధ్య చాలామంది ఇళ్లలోకి చిన్న ఓవెన్లు కొనుక్కున్నారు. లేనివాళ్లు కుక్కర్లో ఉప్పు పోసి కేకులు కాలుస్తున్నారు. మా దగ్గర చుట్ట బన్ను ఒకటి ఉంది. పిండిని పలచగా పరిచి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, చాపలా చుట్టి ముక్కలు కోసి కాలుస్తాం. పైన తెల్లటి తీపి క్రీము పూస్తాం, దాన్నే ఐసింగు అంటారు. వేడి మీద తింటేనే దాని రుచి. ఇంటికి చేరేసరికి బన్ను చల్లారి, క్రీము కాగితానికి అంటుకుని, సగం రుచి సంచిలోనే పోతుంది. మరి కాల్చకుండా పచ్చి పిండినే చుట్టలుగా కోసి, చల్లగా ఇస్తే? క్రీము కూడా అందులోనే పెట్టి, రెండూ ఒకే డబ్బాలో, ఒకే మూత కింద? తీసుకుపోయి కాల్చుకుని, వేడివేడిగా పూసుకుని తింటారు. ఆ వాసన వాళ్లింట్లోనే పుడుతుంది. నాకు ఒళ్లు పులకరించింది. పరిగెత్తుకుపోయి నాయనకు చెప్పాను.

ఆయన పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు. “పిండి, క్రీము ఒక్క డబ్బలనా? అత్తను, కోడల్ని ఒక్క అర్రల పెట్టి తాళమేసినట్టుంటది. తెల్లారేటాలకు ఎవలు మిగుల్తరో చూడు.”

అన్నంత పనీ అయింది. మొదటి డబ్బా ఫ్రిజ్‌లోనే మూత ఊడి, పిండి బయటికి వచ్చి పెరుగు ప్యాకెట్ల మీద కూర్చుంది. రెండోసారి పిండి పైకి పొంగి క్రీము గిన్నెను తలకిందులు చేసింది. ఇంకోసారి పిండి చెమట పట్టి, ఆ నీళ్లు క్రీములోకి దిగి, అది మజ్జిగయింది. చెడిపోయిన సరుకంతా మా ఆయన తిన్నాడు. గనిలో షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఏది పెట్టినా పరమాన్నమే కదా, కిక్కురుమనకుండా తినేవాడు. చివరికి ఒకరోజు ఆయన కూడా చేతులెత్తి దండం పెట్టాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డబ్బాలను గోడకేసి కొట్టబోయాను. అప్పుడు నాయన లేచి వచ్చాడు. ఖమ్మంలో ఒక ఉస్తాదు దగ్గర కుర్రతనంలో నేర్చుకున్న పని ఆయనది. పిండి మీద వేలు పెట్టి నొక్కి, అది తిరిగి పైకి లేచే తీరు చూసి, దానికి ఇంకా ఎంతసేపు కావాలో చెబుతాడు. నిన్నటి బన్నును ఇవాళ్టిదని ఏ రోజూ అమ్మలేదు. ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“పిండికి పానముంటదే పిచ్చిదానా. సల్లగ పెట్టినా మెల్లగ ఊపిరి తీస్తనే ఉంటది. దానికి జాగ ఇయ్యకుంటే మూతను తంతది. ఈస్టు తక్వ ఎయ్యి. సగం డబ్బ ఖాళీ ఉంచు.”

“మరి చెమట?”

“అది నువ్వే చూస్కో,” అని ఆయన మళ్లీ పిండి దగ్గరికి పోయాడు. నాకు జవాబు సంతలో దొరికింది. అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు అడ్డాకుల కట్టలు అమ్ముతారు. వెడల్పాటి గట్టి ఆకులు, విస్తళ్లు కుట్టుకునేవి. వేడి అన్నం పోసినా, పులుసు పోసినా తట్టుకుంటాయి. ఒక ఆకును కడిగి, తుడిచి, డబ్బా లోపలి కొలతకు గుండ్రంగా కత్తిరించి, నెయ్యి రాసి పిండి మీద కప్పాను. ఆకు మీద చిన్న గిన్నెలో క్రీము పెట్టాను. మర్నాడు మూత తీస్తే చెమట ఆకు కిందే ఆగిపోయి ఉంది. పిండి మెల్లగా పెరిగి ఆకును కాస్త ఎత్తి పట్టుకుంది, క్రీము ఉన్నచోటే ఉంది. ఆ చల్లటి ఆకు వాసన, పిండి వాసన కలిసి వస్తుంటే నేను చాలాసేపు మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈసారి నాయన తలుపు మూయమని అరవలేదు.

ఇక చెల్లె సంగతి చెప్పాలి. నాకు ఒక్కతే చెల్లె. మా అమ్మ పోయిన తర్వాత అది మా కులం కాని అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. భద్రాచలం దాటి, గోదావరి వెంబడి పోయే దారిలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు వాళ్లది. అబ్బాయి బుద్ధిమంతుడు, వ్యవసాయం చేసుకుంటాడు. నాయన దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. మాట ఆపేశాడు, అంతే. అది ఫోన్ చేస్తే తీయడు. నేను బేకరీలో “చెల్లె” అని నోరు తెరిస్తే చాలు, చెయ్యి చాపి పిండి మిక్సరు స్విచ్చి వేసేవాడు. ఆ మిక్సరు మోతలో ఇక ఏ మాటా వినిపించదు. లోపల పిండి ఉందో లేదో కూడా చూసుకోడు, ఉత్త మిక్సరే గిర్రున తిరుగుతుండేది. నేను మాత్రం ఊరుకుంటానా? ఆ మోతలోనే గోడకు చెప్పినట్టు చెప్పేదాన్ని. చెల్లెకు నెల తప్పిందన్న సంగతి కూడా ఆయనకు అలాగే చేరింది. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు అది. మిక్సరు ఆ రోజు చాలాసేపు తిరిగింది.

దానికి అయిదో నెల వచ్చింది. అయిదో నెలలో పుట్టింటి నుంచి చలిమిడి వెళ్లాలి. తడి బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి, కొబ్బరి ముక్కలు కలిపి ముద్ద చేసి కడుపుతో ఉన్న పిల్ల ఒడిలో పెడతారు. కడుపు చలవ అంటారు. నాకు అమ్మ పెట్టింది. ఆ రోజు క్వార్టరు నిండా ఏలకుల వాసన, కిటికీలో నుంచి పడిన ఎండలో పిండి దుమ్ము లేస్తూ ఉండడం, అమ్మ చేతి గాజులు నా మోకాలికి తగలడం తప్ప ఇంకేమీ గుర్తు లేదు. చెల్లె అప్పుడు పక్కన కూర్చుని ముద్దలోంచి కొబ్బరి ముక్కలు ఏరుకుని తింటోంది.

“నేను చేసి తీసుకొస్తనే,” అన్నాను ఫోన్లో.

“నాకొద్దు,” అంది చెల్లె. “నువ్వు చేస్తే అక్క చేసినట్టు. నాయన ఇంట్లకెల్లి వస్తేనే పుట్టిల్లు పంపినట్టు. దొంగ చలిమిడి నాకెందుకు?”

“మీ అత్తమ్మ ఏమన్న అంటున్నదా?”

“మా అత్తమ్మ బంగారమే. నోరు తెరిచి ఒక్క మాట అనదు. కాని పొద్దుగూకేటాలకు ఆటో ఆగిన చప్పుడైతే చాలు, వాకిట్లకు పోయి చూస్తది. పక్కిండ్లోళ్లు అడిగితే, ఇంకా నెల ఉన్నది కదా, వస్తరు అంటది. నాకే సిగ్గయితుంది అక్కా.”

ఆ పూట బేకరీకి వచ్చి మిక్సరు మోత మీద గొంతు చించుకుని అరిచాను. “అయిదో నెలనట! పుట్టింటి దిక్కు చూస్తున్నరట! గోడా, వింటున్నవా?” నాయన ఖాళీ మిక్సరులోకి వంగి, అందులో ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మెడ వెనక నరం లేచి ఉంది. అంతకంటే నాకేమీ దొరకలేదు.

ఇదంతా ఇలా ఉండగా నా డబ్బాను అమ్మకానికి పెట్టేముందు దూరం పంపి చూడాల్సి వచ్చింది. కాలనీలో ఇంటికీ ఇంటికీ పంపితే ఏం తెలుస్తుంది? గతుకుల రోడ్డు, బస్సు, ఆటో, ఎండ, అన్నీ తట్టుకోవాలి కదా. నాకు తెలిసిన అంత దూరపు ఇల్లు చెల్లెదే. దానికి కుక్కర్లో కాల్చడం కూడా వచ్చు. డబ్బాను థర్మాకోలు పెట్టెలో ఐసు ప్యాకెట్ల మధ్య దించి, బస్సు డ్రైవరుకు అప్పజెప్పాను. వాళ్ల ఊరి ఆటో అతను భద్రాచలం బస్టాండులో తీసుకుంటానన్నాడు. చెల్లెకు ఫోన్ చేసి, “బన్ను డబ్బ వస్తున్నది, ఎట్ల చేరిందో చూసి చెప్పు,” అన్నాను. అది సరేనంది. కాని డబ్బా చేరిన పూట అది ఇంట్లో లేదు. మొగుడితో కలిసి పరీక్షల కోసం భద్రాచలం దవాఖానకు పోయింది. ఆటో చప్పుడుకు వాకిట్లోకి పరిగెత్తింది వాళ్ల అత్త. పెట్టె చేతిలో పెట్టి, “మీ కోడలి పుట్టింటికెల్లి వచ్చింది,” అన్నాడట ఆటో అతను.

ఆ సాయంత్రం నేను, నాయన బేకరీలో ఉన్నాం. మిక్సరు ఊరుకుని ఉంది. నా చేతుల నిండా పిండి, ఫోన్ మోగితే మోచేత్తో స్పీకరు నొక్కాను. చెల్లె వాళ్ల అత్తగారు.

“బిడ్డా, చలిమిడి ముట్టిందే! ఎంత సంబురమైందో చెప్పలేను. మీ నాయనకు నా దండాలు చెప్పు.”

“ఏం చలిమిడి అత్తమ్మా?”

“ఏంది బిడ్డా గట్లడుగుతవ్? మంచిగ చుట్టలు చుట్టి, నడుమ బెల్లం పొడి లెక్క చల్లి, డబ్బల పెట్టి, పైన అడ్డాకు కప్పి పంపితిరి. అబ్బ, ఎంత సల్లగుందో! ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. పక్కన ఎన్నముద్ద లెక్క తెల్లగ తీపి. మా కాడ చలిమిడిలనే నెయ్యి కలుపుతరు, మీ కాడ పక్కన పెడ్తరేమో అనుకున్న.”

ఆమె ఆగడం లేదు. “కోడలు వచ్చేటాలకు అన్ని తయారు చేసిన. పక్కిండ్ల ఆడోళ్లందర్ని పిలిచిన. కాళ్లకు పసుపు రాసి, పీట మీద కూసోబెట్టి, ఒడిల పెట్టిన. అందరం తలా జరంత నోట్లేసుకున్నం. జర పులుపు కొట్టింది గని, దూరంకెల్లి వచ్చింది గద, గట్లనే ఉంటది అనుకున్నం. ఇగో, నీ చెల్లెతోటి మాట్లాడు.”

“నీకు తెల్వదానే అదేందో?” అని అరిచాను చెల్లె ఫోన్ అందుకోగానే.

ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచినట్టుంది. కోళ్ల చప్పుడు, ఎక్కడో కోయ భాషలో ఎవరో మాట్లాడుకుంటూ నవ్వడం వినిపించింది. తర్వాత నెమ్మదిగా అంది. “ఎందుకు తెల్వది? పుట్టిన కాడ్నించి చూస్తున్న పిండి. ఆకు లేపంగనే ఈస్టు వాసన కొట్టింది. మన దుకాణం వాసన.”

“మరి చెప్పక?”

“ఏమని చెప్పాలె? నేనొచ్చేటాలకు వాకిట్ల చాప పరిచి ఉన్నది. అత్తమ్మ పెట్టెలకెల్లి మంచి చీర తీసి కట్టుకున్నది. ఇన్ని దినాలు ఎవలేమన్నా తలకాయ దించుకున్న మనిషి, ఇయ్యాల మా కోడలి పుట్టింటోళ్లు పంపిండ్రని వాడంత చెప్పింది. అందరి ముంగట ఇది బన్ను పిండి, మా నాయన పంపలే అని చెప్పాల్నా?”

“తిన్నవా?”

“తిన్న. జరంత కాదు, పెద్ద ముద్దనే తిన్న.” ‘హుష్’ అని కోడిని అదిలించింది. “నాయన కలిపిన పిండే గదనే అక్కా.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చేతుల నిండా పిండితో కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు. “కడుపుల ఎట్లున్నదే?” అని మాత్రం అడగగలిగాను.

“జర ఉబ్బినట్టున్నది. లోపల కదులుతనే ఉన్నది, భయపడకు. నాయనకు చెప్పకు.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఫోన్ స్పీకరు మీద ఉందని. తల తిప్పి చూశాను. నాయన మిక్సరు దగ్గర నిలబడి ఉన్నాడు, చెయ్యి స్విచ్చి మీదే ఉంది. వేయలేదు.

“పచ్చి పిండి తిన్నదా?” అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచి చెల్లె గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

“అవ్,” అన్నాను.

“ఈస్టేసిన పచ్చి పిండి! కడుపుతోటున్న పిల్ల! బుద్ధున్నదా దానికి? పొట్టల పొంగదా అది?” టేబులు మీద చేత్తో కొట్టాడు. మైదా లేచి ఆయన ముఖమంతా తెల్లబడింది. “వాము నీళ్లు తాగమను. రేపటి దాంక ఆగొద్దు, దవాఖానకు పొమ్మను. ఏమేం తిన్నదో డాక్టరమ్మకు దాయకుండ చెప్పమను. ఏం చూస్తున్నవ్? జల్దీ చెప్పు!”

నేను చెప్పాల్సిన పని లేదు. అవతల అంతా వినిపించింది. కోళ్ల చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

“నాయినా,” అంది చెల్లె.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. మైదా పట్టిన ఆ ముఖంతోనే రోడ్డు దాటి, చెట్ల దిక్కు పోయి నిలబడ్డాడు. ఆయనను పిలుద్దామని గుమ్మం దాకా పోయి కూడా పిలవలేకపోయాను.

చెల్లె అప్పుడే దవాఖానకు పోయింది. డాక్టరమ్మ చూసి, నాలుగు తిట్లు తిట్టి, ఏమీ ఫరవాలేదు, రెండు పూటలు గంజి తాగమని పంపింది. ఆ కబురు వచ్చేదాకా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నాయన భట్టీ ముందు కూర్చుని మంట చూస్తూ ఉన్నాడు. “ఏం కాలేదట నాయినా,” అంటే తల ఊపాడు. మళ్లీ మంట వైపే తిరిగాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఇంత జరిగినా కదలడా ఈ మనిషి అనుకున్నాను. ఇప్పుడు కాలనీలో అమ్మే ప్రతి డబ్బా మూత మీదా ‘కాల్చకుండా తినకూడదు’ అని ఎర్రటి పెద్ద అక్షరాలు ఉంటాయి. ఎందుకమ్మా అంత పెద్దగా అని గిరాకీలు నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకుంటాను.

మర్నాడు పొద్దున నేను బేకరీకి పోయేసరికి భట్టీ వెలిగించి లేదు. మైదా బస్తా విప్పి లేదు. నాయన ఒక బేసిను ముందు కూర్చుని అందులో చెయ్యి పెట్టి తిప్పుతున్నాడు. లోపల నానబెట్టిన బియ్యం.

“మీ అమ్మ ఎంతసేపు నానబెట్టేది?” అని అడిగాడు, నా వైపు చూడకుండానే.

బేసిను పక్కనే కూర్చున్నాను. “ఒక రోజంత,” అన్నాను.

“మరి రేపే పట్టియ్యాలె,” అన్నాడు.

నానిన బియ్యం వార్చి, బట్ట మీద ఆరబోసి, పిండి గిర్నీకి ఆయనే తీసుకుపోయాడు. నేను పోతానంటే వినలేదు. కారం, పసుపు పట్టించుకునే ఆడవాళ్ల వరసలో తువ్వాలు మూటతో నిలబడ్డాడట. “ఏందన్నా, బేకరీల బియ్యప్పిండి బన్నులు చేస్తున్నవా?” అని గిర్నీ ఆయన పరాచికమాడితే, “బిడ్డకు చలిమిడి,” అన్నాడట. ఈ సంగతి గిర్నీలో ఉన్న మా పక్కింటావిడ వచ్చి చెప్పింది. నేను నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

బెల్లం పాకం నేను పట్టాను. పిండి మాత్రం ఆయన ముట్టనివ్వలేదు. పాకంలో కొంచెం కొంచెంగా పోసి కలిపి, బల్ల మీదికి తీసి అరచేతి మడమతో వత్తాడు, మడిచాడు, మళ్లీ వత్తాడు. చలిమిడిని ఎవరూ అలా పిసకరు. ఏలకుల పొడి, వేడి బెల్లం కలిసి బేకరీలో ఎన్నడూ లేని వాసన నిండింది, గోడలన్నీ ఎవరివో అన్నట్టుంది. ముద్ద చేసి, దాని మీద తడిబట్ట కప్పి, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

“నాయినా, అది పొంగది,” అన్నాను.

“తెల్సు,” అన్నాడు. అయినా కూర్చునే ఉన్నాడు.

తర్వాత అరలో నుంచి నా డబ్బానే ఒకటి తీశాడు. అడుగున చలిమిడి పెట్టి, పైన అడ్డాకు కప్పాడు. క్రీము పెట్టే చిన్న గిన్నెలో నెయ్యి పోసి ఆకు మీద పెట్టాడు. “నెయ్యి చలిమిడిలనే కలుపుతరు నాయినా,” అన్నాను. “మన కాడ పక్కన పెడ్తరని ఆమె అనుకున్నది గద, అట్లనే ఉండనీ,” అన్నాడు. స్పీకరులో విన్నది ఒక్క మాట కూడా మరిచిపోలేదన్నమాట. నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే షట్టరు దించి మొదటి బస్సు ఎక్కాం. మంచు ఇంకా విడవలేదు. అశ్వాపురం దగ్గర భారజల ప్లాంటు గొట్టాలు సగం కనిపించి, సగం మాయమయ్యాయి. రోడ్డుకు రెండు వైపులా చెట్లు వచ్చి కిటికీని తాకి వెనక్కి పోతున్నాయి. బస్సులో అందరూ నిద్రపోతున్నారు. నాయన డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, లోపల ఏదో పెరుగుతుంటే కనిపెట్టుకుని ఉన్నట్టు. నాకు కళ్లు మూతలు పడ్డాయి. మెలకువకూ నిద్రకూ మధ్య, మా ఇద్దరి నడుమ ఉన్న జాగాలో అమ్మ కూర్చున్నట్టూ, చెల్లె చిన్నపిల్లయి ఆమె ఒళ్లో కొబ్బరి ముక్కలు ఏరుకుంటున్నట్టూ అనిపించింది. నాయన ఎక్కడికి పోతున్నాడో ఆయనకు తెలుసో లేదో అనిపించింది. వంతెన మీద బస్సు దడదడమంటే కళ్లు తెరిచాను. కింద గోదావరి ఉందో, మంచే ఉందో తెలియలేదు. “వచ్చిందా?” అన్నాడు నాయన. “ఇంకా ఆటో ఎక్కాలె,” అన్నాను. ఆయన చెయ్యి మూత మీద నుంచి తీయలేదు.

ఆటో చప్పుడుకు వాకిట్లోకి మొదట వచ్చింది చెల్లె అత్తగారే. నన్ను చూసి నవ్వబోయి, నా వెనక దిగిన మనిషిని చూసి ఆగిపోయింది. గబగబా కొంగు సర్దుకుంది. చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చింది. నాయన కాళ్లు కడుక్కున్నాడు గాని గుమ్మం ఎక్కలేదు. చెల్లె తలుపు పట్టుకుని లోపలే నిలబడి ఉంది. చిక్కిపోయింది, పొట్ట మాత్రం తెలుస్తోంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అత్తగారి కళ్లు డబ్బా మీద పడ్డాయి. “ఏందన్నా, మొన్ననే చలిమిడి పంపితిరి గద. మళ్ల ఎందుకు తెచ్చిండ్రు?”

పక్కిళ్ల ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పటికే దడి దగ్గరికి వచ్చారు. ఆయన ఒక్క అబద్ధమాడితే సరిపోతుంది. ఉత్తగనే తెచ్చిన అంటే చాలు, చెల్లె పరువు నిలుస్తుంది. కాని నిన్నటి బన్నును ఇవాళ్టిదని అమ్మని మనిషి. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

“మొన్నటిది దుకాణం సరుకు చెల్లెమ్మా,” అన్నాడు. “కాల్చుకుని తినే పిండి. అది నేను పంపలే. పంపాల్సింది నేను పంపలే. ఇది ఇంటిది.”

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది, చివరికి కోడలి వైపు తిరిగింది. “నీకు తెల్సా బిడ్డా? తెల్సే తిన్నవా?”

చెల్లె తల ఊపింది. “నువ్వు అంత సంబురపడ్డవు గద అత్తమ్మా.”

ఆ పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అలాగే వచ్చి కోడలి రెక్క పట్టుకుని, గుమ్మం దాటించి వాకిట్లో పీట మీద కూర్చోబెట్టింది. ఎవరినీ పిలవలేదు. పసుపు కోసం లోపలికి పోలేదు. నాయన వైపు తిరిగి, “పెట్టు అన్నా,” అంది. డబ్బా నా చేతికివ్వబోయాడాయన. ఆడవాళ్లు పెట్టేది కదా, ఆయనకు ఏం తెలుసు? నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. చెల్లె కొంగు పరిచి పట్టుకుంది. ఆయన వంగాడు, మూత తీశాడు, నెయ్యి గిన్నె పక్కన పెట్టి, ఆకు తొలగించి, ఆ ముద్దను రెండు చేతులతో తీసి దాని ఒడిలో పెట్టాడు.

“ఆలస్యమైంది బిడ్డా,” అన్నాడు.

చెల్లె ఆ చేతులను వదల్లేదు. “అయిదో నెల ఇంకా పోలే నాయినా,” అంది.